మూడో వాటాలో దీపం

అమలాపురం,
14-6-1983

చి.సౌ. కనకదుర్గని వదిన కామేశ్వరమ్మ దీవించి రాస్తున్నది.

"అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను" అని మొదలెట్టమంటున్నారు మీ అన్నయ్య. తలచడం దేనికి, క్షేమంగానే ఉండాలి. భిలాయిలో ఎండలు తగ్గేయా? ఇక్కడ మృగశిర కార్తె వచ్చి వారమైనా ఒక్క చినుకు లేదు. ఇదిగో అదిగో అని మబ్బు మాత్రం ఊరిస్తోంది.

వానలు రాకముందే నీ మూడు వాటాలకీ పెంకులు సర్దించేసేను. పెంకులవాళ్ళు పైనుంచి "అయిపోయిందండి అమ్మగారూ" అనగానే నమ్మి ఊరుకోడానికి నేనేమైనా నిన్న పుట్టేనా? నిచ్చెన వేయించుకుని ఎక్కి చూసేను. రెండో వాటా దేవదానం మాస్టారు కింద నిచ్చెన పట్టుకుని, కళ్ళు మూసుకుని ఒకటే ప్రార్థన. మొదటి వాటా వీరమ్మ ఆసుపత్రిలో డ్యూటీ దిగి వస్తూ నన్ను పైన చూసి, గేటు దగ్గరే గొడుగు పడేసి కేకలు మొదలెట్టింది. "అరవైరెండేళ్ళ మనిషి ఎక్కే చోటేనా అదండీ? కాలు జారితే కట్టు కట్టేది నేనేనండి!" అంది. నర్సుని కదా అని ఆ ధీమా. నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. అయిదో రోజు ములక్కాడలు పట్టుకొచ్చింది.

ఈ నెలతో పదకొండేళ్ళు నిండేయే దుర్గా! మావయ్యగారు నీకు పసుపూకుంకాల కింద ఇచ్చిన స్థలంలో, మా పెరటి వెనకాలే, మీ ఆయన ఈ వాటాలు కట్టించి, తాళాలు నా చేతిలో పెట్టి, "ఇంక వీటికి యజమానురాలివి నువ్వేనమ్మా" అని రైలెక్కేసేరు. ఆ అన్నయ్యగారికి నా నమస్కారాలు చెప్పు. అద్దెలకి ఎవరు రావాలో, ఎవరి పిల్లకి పురుడొస్తే ఏ గది ఇవ్వాలో, అన్నీ నన్నే అడుగుతున్నారు. లేకపోతే మీ అన్నయ్య సంస్కృత శ్లోకాలు వింటూ ఎప్పుడో మంచం పట్టేదాన్ని.

మొన్న కొబ్బరి దింపు దింపించేను. ఆరు చెట్లూ బాగానే కాసేయి. ఎప్పటిలాగే వాటాకి అయిదేసి కాయలు ఇచ్చేను. మూడో వాటా ఇంకా ఖాళీగానే ఉంది. శివరాత్రి వెళ్ళేక ఆ గుమాస్తాగారు కాకినాడ బదిలీ అయి వెళ్ళేరు కదా. వచ్చేవాళ్ళు వచ్చి చూసి పోతున్నారు. కుదరాలి.

పొద్దు వాలింది. దీపాలు పెట్టే వేళయింది, లేస్తాను.

మీ వదిన


భిలాయి,
2-7-1983

వదినకి నీ దుర్గ నమస్కారాలు.

నీ ఉత్తరం విప్పగానే గుండె గుభేలుమంది. ఒక్కో అక్షరం ఉసిరికాయంత ఉంది! కాగితం చాలక అంచులమీద కూడా రాసేవు. ఏం తప్పు చేసేను వదినా?

ఈయనకి ఏవీ అర్థం కాలేదు. "పెద్ద అక్షరాలైతే మంచిదేగా, కళ్ళజోడు లేకుండా చదువుకోవచ్చు" అంటారు. ఆయనకేం తెలుసు మన పలక సంగతి? నాన్నగారు వసారాలో కూర్చుంటే నువ్వు గొంతు విప్పేదానివి కాదు. మావగారి చెవిన కోడలి గొంతు పడకూడదాయె. అందుకని నా పలక లాక్కుని రాసి చూపించేదానివి. చిన్న అక్షరాలైతే మామూలు మాట. పలక నిండా పట్టేలా "అన్నం తిను" అని ఉంటే, ఇంక నా పని అయిపోయినట్టే. అన్నయ్య కూడా ఆ పలక చూసి పెరట్లోకి పారిపోవడం నాకు ఇప్పటికీ గుర్తే. ఈసారి కోపం నా మీదా, అన్నయ్య మీదా?

నువ్వు పెంకులెక్కేవని చదివి ఈయన కాఫీ గ్లాసు కింద పెట్టేసేరు. "మన ఇళ్ళకోసం ఆవిడ కాలో చెయ్యో విరగ్గొట్టుకుంటే నేను బావగారికి మొహం ఎలా చూపించను?" అని ఒకటే గోల. ఈయనతో కొత్తపేటలో చదువుకున్న గంగరాజుగారని ఒకాయన ఉన్నారు. రిజిస్ట్రారాఫీసులో గుమాస్తాగా చేసి ఈ మధ్యే రిటైరయ్యేరట. చాలా నిక్కచ్చి మనిషి. ఆయన్ని మేనేజరుగా పెట్టుకుంటే అద్దెలూ, మరమ్మతులూ, మునిసిపాలిటీ పన్నూ అన్నీ చూసుకుంటారని ఈయన ఆలోచన. నువ్వు హాయిగా కూర్చోవచ్చు. నీకు ఇష్టమైతేనే సుమా! వద్దంటే వద్దు.

ఈయన వచ్చే ఏడు ఆగస్టులో రిటైరవుతారు. రత్నం, అల్లుడూ నాగపూరు వచ్చి తమతో ఉండమంటున్నారు. చూడాలి. ఇంకా ఏదీ అనుకోలేదు.

నీ దుర్గ

తా.క.: ఇది పోస్టు చెయ్యబోతుంటే తెలిసింది. ఈయన నాకు చెప్పకుండా గంగరాజుగారికి క్రితం వారమే రాసేసేరట. ఏమీ అనుకోకు వదినా.


అమలాపురం,
21-7-1983

చి.సౌ. దుర్గకి దీవెనలు.

నీ ఉత్తరం సోమవారం అందింది. గంగరాజుగారు శనివారమే దిగేరు. కాబట్టి నాకు ఇష్టమా కాదా అన్న మాట మనం ఇంక మాట్లాడుకోనక్కర్లేదు.

మనిషి మర్యాదస్తుడే. తెల్ల చొక్కా, జేబులో రెండు కలాలు, చంకలో గొడుగు. "తమకి విశ్రాంతి కల్పించమని రావుగారి ఉత్తర్వండి" అన్నారు, మీ ఆయన పేరు చెప్పి. నేను ఎవరినే విశ్రాంతి అడిగింది? నా వల్ల ఏదైనా పొరపాటు జరిగితే నాతో చెప్పొచ్చుగా దుర్గా. పదకొండేళ్ళు చేసేను. ఇంక చాలు అని నువ్వే ఒక్క ముక్క రాస్తే సంతోషంగా ఇచ్చేద్దును. వీధి గుమ్మంలో కొత్తమనిషి నిలబడి తాళాలు అడుగుతుంటే, మీ అన్నయ్య ఎదుట నా తల కొట్టేసినట్టయింది.

సరే, ఆయన వైభవం విను. గేటుకి ఒక కాగితం అంటించేరు. అద్దె అయిదో తారీకులోగా ఆయనకే ఇవ్వాలి, రసీదు తీసుకోవాలి, నూతి దగ్గర బట్టలు ఫలానా వేళకే ఉతకాలి అని పన్నెండు షరతులు. వాటాలవాళ్ళని వరసగా నిలబెట్టి చదివి వినిపించేరు. ప్రతి షరతుకీ వీరమ్మ "ఆయ్" అంది. దేవదానం మాస్టారు "ఆయ్, అలాగేనండి" అన్నారు. గంగరాజుగారు మహా సంతోషించి వెళ్ళిపోయేరు. గేటు దాటేరో లేదో వీరమ్మ చీర చెంగున అద్దె మూటకట్టుకుని మా వంటింట్లోకి వచ్చేసింది. "అదేవిటే, ఆయ్ అన్నావు కదా?" అంటే "పెద్దాయన కదండీ, కాదంటే బాగోదు కదండీ" అంది. నేనే తిట్టి ఆయన దగ్గరికి పంపించేను.

అద్దెకున్నవాళ్ళకి కొబ్బరికాయలు ఇవ్వాలని కాగితాల్లో ఎక్కడా లేదట. ఈ దింపుకి ఇవ్వలేదు. దేవదానం మాస్టారి భార్య నోరు తెరిచి అడగలేదు గాని, కొబ్బరి చెట్టు వంక చూసి ఊరుకుంది. మా ఇంటి వాడకానికి ఉంచుకున్న వాటిల్లోంచి తీసి ఇచ్చేను. ఆయనకి చెప్పకు.

రెండు తాళాలూ ఇచ్చేసేను. మూడో వాటా తాళం మాత్రం ఇవ్వలేదు. ఎక్కడ పెట్టేనో కనపడ్డం లేదు అన్నాను.

అక్షరాల సంగతా? ఏవీ లేదు. కలం పాళీ మొద్దుబారింది. నాగపూరులో నీళ్ళకి ఇబ్బంది అంటారు, కనుక్కుని వెళ్ళండి.

మీ వదిన


భిలాయి,
19-8-1983

వదినకి నమస్కారాలు.

పాళీ మొద్దుబారిందని నన్ను నమ్మమంటావా? ఈసారి అక్షరాలు నిమ్మకాయలంత ఉన్నాయి. వరసలు కూడా ఒకదానిమీదొకటి ఎక్కేయి. ఇంత కోపం నువ్వు పలకమీద కూడా ఎప్పుడూ చూపించలేదు. ఒప్పుకుంటున్నాను, నిన్ను అడక్కుండా గంగరాజుగారిని పంపడం తప్పే. ఈయన కూడా చెంపలేసుకుంటున్నారు. కానీ వదినా, నీ మీద నమ్మకం లేక పెట్టలేదు. నీకు వయసు మీద పడుతోందని భయపడి పెట్టేం. అంతకు మించి మా మనసులో ఏదీ లేదు.

ఇంకో మాట రాయాలా వద్దా అని వారం రోజులు ఆలోచించేను. గంగరాజుగారి దగ్గర్నుంచి రిపోర్టు వచ్చింది. అందులో ఆయన రాసింది రాసినట్టు: "మూడవ వాటా ఖాళీ అని చెప్పబడుచున్నది. కాని ప్రతిదినము సంధ్యవేళ లోపల దీపము కనపడుచున్నది. తాళము కొరకు అమ్మగారిని మూడుసార్లు అడగగా కనపడుట లేదన్నారు. లోపల ఎవరో కాపురమున్నారని అనుమానము."

ఎవరైనా కష్టంలో ఉన్నవాళ్ళకి ఊరికే ఇచ్చేవా వదినా? ఇస్తే ఇచ్చేవు. నీ మనసు నాకు తెలీదా? మాకు చెబితే కాదంటామా? దాచడం ఎందుకు? అదొక్కటే నాకు బాధ.

నీకు ఇక్కడి ఉన్ని శాలువా ఒకటి పార్సెలు పంపుతున్నాను. కోపం తగ్గేక కప్పుకో.

నీ దుర్గ


అమలాపురం,
3-9-1983

(పోస్టుకార్డు)

దుర్గకి,

మూడో వాటాలో ఎవరూ లేరు. దీపం నేనే పెడుతున్నాను. ఇల్లన్నాక సంధ్యవేళ చీకటిగా ఉండకూడదు. తాళం గంగరాజుగారికి ఇచ్చేసేను. శాలువా అందింది.

కామేశ్వరమ్మ


భిలాయి,
2-10-1983

వదినా,

కార్డు చూసేను. అటూ ఇటూ తిప్పి చూసేను. "మీ వదిన" అన్న మాట ఎక్కడా లేదు. నలభైయేడేళ్ళలో మొట్టమొదటిసారి నాకు నీ పేరు పెట్టి సంతకం చేసేవు. యాభైరెండేళ్ళదాన్ని, వంటింట్లో పీటమీద కూర్చుని చిన్నపిల్లలా ఏడ్చేను. ఈయన భయపడి పక్కింటావిణ్ణి పిలుచుకొచ్చేరు. ఆవిడకి తెలుగు రాదు, నాకు ఏడుపాగదు. చివరికి ఆవిడ టీ పెట్టిచ్చి వెళ్ళింది.

దీపం గురించి అడిగినందుకు నా నోరు పడిపోను! ఖాళీ ఇల్లు చీకటిగా ఉంటే నువ్వు ఊరుకోవని నాకు తోచొద్దూ? రోజూ నీ చేతి దీపం చూస్తూ పెరిగినదాన్ని. ఇంత దూరం వచ్చేక నాకే మతి పోయింది.

నువ్వు ఎప్పుడూ చెప్పనివ్వలేదు, ఇవాళ నేను చెప్పే తీరతాను. అమ్మ పోయేనాటికి నాకు అయిదేళ్ళు. నీకు పదిహేను. నీకు వంట రాదు, నాకు జడ వేసుకోడం రాదు. మాడిన పప్పన్నం తిని, వంకర జడలు వేసుకుని ఇద్దరం కలిసి పెద్దవాళ్ళమయ్యేం. అయిదో తరగతి అవగానే నాన్నగారు "ఆడపిల్లకి ఇంక చాలు" అన్నారు. నేను ఏడుస్తూ పడుకున్నాను. మర్నాడు ఆయన భోజనానికి కూర్చునేసరికి విస్తరి పక్కన నా పలక ఉంది. పలక నిండా "దుర్గ చదువుకోవాలి" అని రాసి ఉంది. నువ్వు తలుపు చాటున నిలబడి చూస్తున్నావు. ఆయన చదివేరు. అన్నం తిని, చెయ్యి కడుక్కుని, "పిల్లని పొద్దున్న బడికి పంపించండి" అన్నారు. మావగారితో నువ్వు మాట్లాడింది ఆ ఒక్కసారే, అదీ నాకోసం. ఇవాళ ఇక్కడ నలుగురు తెలుగు పిల్లలకి అక్షరాలు నేర్పుతున్నానంటే, నీకు ఈ ఉత్తరం రాస్తున్నానంటే, ఆ పలక పుణ్యమే. నేను నీకు తాళాలు ఇచ్చేనని అందరూ అనుకుంటారు. నా బతుకు మొత్తం నువ్విచ్చిందే వదినా.

మేనేజరు మనకొద్దు. నువ్వు ఊ అంటే ఈయన గంగరాజుగారికి రాసేస్తారు. తాళాలు మళ్ళీ నీ దగ్గరే ఉంటాయి. ఒక్క ముక్క రాయి. ఎంత పెద్ద అక్షరాలైనా సరే.

నీ దుర్గ


అమలాపురం,
24-10-1983

చి.సౌ. దుర్గకి వదిన దీవించి చెప్పునది. నేను చెబుతున్నాను, గంగరాజుగారు రాస్తున్నారు. చెయ్యి మారిందని కంగారు పడకు.

నీ ఉత్తరం మీ అన్నయ్య చదివి వినిపించేరు. పలక దగ్గరికి వచ్చేసరికి ఆయన కళ్ళజోడు తీసి పక్కన పెట్టేసేరు. మిగతాది దేవదానం మాస్టారు చదివేరు. ఎందుకే అవన్నీ ఇప్పుడు? నాకు కోపం లేదు. అప్పుడు కొంచెం వచ్చింది, పోయింది.

విజయదశమినాడు కాలు కాస్త బెణికింది. ఇప్పుడు తగ్గింది.

(తమకీ, రావుగారికీ మనవి. ఈ బ్రాకెట్లో రాసేది అమ్మగారు చెప్పినది కాదు. బెణకడం కాదండి. దీపానికని నేను తలుపు తీసి ఉంచిన మూడో వాటా మెట్టు కనపడక, దీపం కుందితో సహా పడిపోయేరు. నేనూ, దేవదానంగారూ కుర్చీలో కూర్చోపెట్టి మోసుకొచ్చేం. వీరమ్మగారు కట్టు కట్టి, "నేను ముందే చెప్పేనాండీ" అని ఏడుస్తూ తిట్టేరు. ఎముక విరగలేదు, దేవుడి దయ. - గం.)

ఏవిటి అంత సేపు రాస్తున్నారు? నేను చెప్పింది రెండు ముక్కలేగా. ఊఁ, రాయండి. పెద్ద అక్షరాలకి, కోపానికి సంబంధం లేదే దుర్గా. పాళీ మొద్దుబారడమే.

(కాదండి. పడ్డాకే బయటపడింది, అమ్మగారికి రెండు కళ్ళలోనూ శుక్లాలు. రెండేళ్ళ కిందటే డాక్టరు చూసి, ముదిరేక రమ్మన్నాట్ట. తమకి తెలిస్తే ఇళ్ళ బాధ్యత తీసేసుకుంటారని ఎవరికీ చెప్పలేదు. తనకి కనపడేటంత పెద్దగా రాసుకుంటున్నారు, అంతే. పెంకులెక్కినప్పుడు కూడా ఒక్కొక్క పెంకూ చేత్తో తడిమి చూసుకున్నారట. - గం.)

గంగరాజుగారిని తీసెయ్యొద్దు. మంచి మనిషి. నేను పడ్డనాటి నుంచీ రోజూ సాయంత్రం వచ్చి, నా బదులు మూడో వాటాలో దీపం పెట్టి వెళుతున్నారు. ఈ నెల దింపుకి కాయలు కూడా ఆయనే స్వయంగా పంచేరు.

(అదొకటి తమకి విన్నవించుకోవాలి. తాళం నా చేతికిచ్చేక తలుపు తీసి చూసేను. లోపల సున్నం వేసి, గచ్చు కడిగి, ముగ్గు పెట్టి ఉంది. వంటింటి కిటికీ దగ్గర ఎత్తుపీట వేసి ఉంది. దీనికి అద్దెకి ఎంతమంది వచ్చినా అమ్మగారు ఏదో వంక చెప్పి పంపేసేరని వీరమ్మగారు చెప్పేరు. నేను అడిగితే అమ్మగారు ఇలా అన్నారు: "గృహప్రవేశంనాడు దుర్గ ఆ కిటికీ దగ్గర నిలబడి, 'ముసలిదాన్నయ్యేక ఇక్కడ కూర్చుని కాలవలో పడవలు చూస్తాను వదినా' అంది. వాళ్ళాయన వచ్చే ఏడు రిటైరవుతారు. ఒకసారి అద్దెకిస్తే వాళ్ళని లేవమనడానికి నాకు నోరు రాదు. అందుకని ఆపేను. నాగపూరు వెళితే వెళతారు. నేను చెప్పి వాళ్ళ కాళ్ళకి అడ్డం పడకూడదు." అలా చెప్పి, తమకి రాయొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నారు. ముప్ఫైనాలుగేళ్ళ సర్వీసులో నేను ఒక్క కాగితమైనా దాచి ఎరగను, అందుకని రాస్తున్నాను. లోపల ఎవరో కాపురమున్నారని అనుమానపడినందుకు సిగ్గుపడుతున్నాను. - గం.)

అయిందా? కాగితం అయిపోయి ఉంటుంది. ఇంక సంతకం చేస్తాను, కలం ఎక్కడ పెట్టాలో చూపించండి.

మీ వదిన

(చివరగా ఒక్క మాట. తమరు నన్ను మేనేజరుగా పెట్టేరు. ఇక్కడ ఆ ఉద్యోగం ఖాళీ లేదండి. అమ్మగారి దగ్గర గుమాస్తాగా ఉండమంటే సంతోషంగా ఉంటాను. గేటుకి అంటించిన కాగితం నిన్ననే తీసేసేను. - గం.)


భిలాయి,
22-11-1983

వదినా,

ఈ ఉత్తరం అన్నయ్య చదవకూడదు, మళ్ళీ కళ్ళజోడు పక్కన పెట్టెయ్యాల్సి వస్తుంది. గంగరాజుగారినే చదవమను. ఆయన బ్రాకెట్లకి నా శతకోటి నమస్కారాలు. నీకు చెప్పకుండా రాసినందుకు ఆయన్ని ఏమైనా అన్నావో, నేను నీతో మాట్లాడను.

నేను ఒట్టి మొద్దుని. నీకు చూపు తగ్గుతుంటే కోపమొచ్చిందనుకున్నాను. నువ్వు నాకోసం దీపం పెడుతుంటే దొంగకాపురం అనుకున్నాను. పదకొండేళ్ళ కిందట నేను నవ్వుతూ అన్న ఒక్క మాట నాకే గుర్తు లేదు. నువ్వు దానికి సున్నం వేసి, ముగ్గు పెట్టి దాచేవు. ఏం పుణ్యం చేసుకున్నాను వదినా నీ చేతిలో పెరగడానికి!

ఈయన ఉత్తరం రెండుసార్లు చదివేరు. తరవాత లేచి నాగపూరు అల్లుడుగారికి రాసేరు. "మాకు మా ఊళ్ళో ఇల్లు సిద్ధంగా ఉంది, పండగలకి మీరే రండి" అని. రత్నం అలిగింది గాని, సంగతంతా రాస్తే అదే "అత్తయ్య దగ్గరికే వెళ్ళండి" అంది.

మేనేజరు విషయం తేల్చేసుకున్నాం. గంగరాజుగారు ఉంటారు. పెంకులెక్కడం, పన్ను కట్టడం, ఆఫీసుల చుట్టూ తిరగడం ఆయన పని. ఎవరికి ఇల్లివ్వాలి, ఎవరికి ఎన్ని కాయలివ్వాలి అన్నది నీ పని. ఆయన రిపోర్టు ఇంక మాకు రాయక్కర్లేదు, నీకే చెప్పుకోవాలి. తాళాలు నీ బొడ్లోనే ఉండాలి. ఇది అడిగి చేస్తున్నాను ఈసారి. నీకు ఇష్టమేనా?

వచ్చే నెల పదో తారీకుకి రాజమండ్రిలో దిగుతున్నాను. నిన్ను కాకినాడ తీసుకెళ్ళి ఆపరేషను చేయించి, కట్టు విప్పేదాకా కదలను. నీకు జడ వేసి, అన్నం కలిపి పెడతాను. పప్పు మాడ్చకుండానే వండుతాను. నువ్వు వద్దంటే పలక తెస్తాను. అందులో ఎంతెంత అక్షరాలు రాస్తానో నీకు తెలుసు.

నీ దుర్గ


అమలాపురం, ముందరి ఇల్లు,
10-9-1984

అమలాపురం, మూడో వాటాలో ఉన్న చి.సౌ. కనకదుర్గకి, పెరటి ఇవతల నుంచి వదిన దీవించి రాస్తున్నది.

ముందు ఈ అక్షరాలు చూడు. ఆవగింజలంత రాసేను. సీసా అడుగంత మందం కళ్ళజోడు పెట్టి, ఒక్కటి కూడా వరస తప్పకుండా రాసేను. మీ అన్నయ్య పక్కన నిలబడి, "ఇరవై అడుగుల దూరానికి ఉత్తరం ఏవిటే, కేకేస్తే వినపడుతుంది కదా" అంటున్నారు. మావయ్యగారు పోయి ఇరవైయేళ్ళయినా, గుండెల్లో మాట గొంతెత్తి చెప్పడం నాకు ఇప్పటికీ చేతకాదు. రాయడమే వచ్చు.

కాకినాడలో కట్టు విప్పినప్పుడు మొదట నీ మొహమే చూసేను. అప్పుడు చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను. నీ తలంతా నెరిసిపోయిందేమిటే! అప్పటిదాకా నేను నల్లజుట్టు దుర్గకే ఉత్తరాలు రాస్తున్నాననుకున్నాను. ఎంతసేపు చూసినా తనివి తీరలేదు. నువ్వు రాకపోతే నేను గోడలు తడుముకుంటూనే ఉందును. నువ్వు నాకు చూపిచ్చేవు దుర్గా. నీ రుణం తీర్చుకోలేను, తీర్చుకోవాలని కూడా లేదు. ఉండనీ అలాగే.

మధ్యాహ్నం మీ సామాను దిగడం కిటికీలోంచి చూసేను. అన్నయ్యగారు ఆ బీరువా మోయబోతుంటే గంగరాజుగారు "రావుగారూ, అది నా డ్యూటీ అండి" అని అడ్డం పడ్డారు. ఇద్దరూ కలిసి దాన్ని గుమ్మంలో ఇరికించేసేరు. వీరమ్మ వచ్చి ఎలా తిప్పాలో చెబితే గాని అది బయటికి రాలేదట. దేవదానం మాస్టారి భార్య మీకు సాయంత్రానికి పులుసు చేసి పంపుతానంది. వద్దనకు, చిన్నబుచ్చుకుంటుంది. రేపు దింపు. మూడో వాటాకి కూడా అయిదే కాయలు. సొంతవాళ్ళని ఎక్కువ అడక్కు.

కిటికీ దగ్గర పీట కాస్త ఊగుతోంది, చూసి కూర్చో. కాలవలో పడవలు మునుపటంత లేవు. ఉన్నవే చూసుకో.

ఈ ఉత్తరం గంగరాజుగారు తెస్తారు. దీనితోబాటు మూడో వాటా తాళం పంపుతున్నాను. కుందిలో నూనె పోసి ఉంచేను, వత్తి కూడా వేసేను. ఇవాళ సంధ్యవేళ నేను రాను. దీపం నువ్వే పెట్టుకో. నేను మా అరుగుమీద కూర్చుని చూస్తాను. ఇప్పుడు నాకు కనపడుతుంది.

మీ వదిన